ఫిజీలో సీమపనస తోట: తుపానును తట్టుకునే మిశ్రమ సాగు ఎలా వేయాలి

దక్షిణ పసిఫిక్‌లోని ఫిజీ దీవుల్లో చెట్లనూ దుంప పంటలనూ ఒకే పొలం చెక్కలో కలిపి పెంచడం దాదాపు 3,000 ఏళ్ల నాటి అలవాటు. మనం ఇప్పుడు ఆగ్రోఫారెస్ట్రీ అంటున్నది అక్కడి పల్లెల్లో పెరటి తోటగానూ, కొండవాలు పొలంగానూ ఎప్పటినుంచో ఉంది. వలస పాలనలో చెరకు, కొబ్బరి వంటి ఒంటి పంటలు విస్తరించిన చోట అది పలచబడింది. అటువంటి నేలలో మళ్లీ చెట్లను నిలబెట్టాలనుకునే వారి కోసం ఈ వివరాలు రాస్తున్నాను. ఫిజీనే ఎంచుకోవడానికి రెండు కారణాలున్నాయి. ప్రధాన దీవి వీతీ లెవూ ఒక్కదానిలోనే తడి ప్రాంతమూ పొడి ప్రాంతమూ ఉన్నాయి కనుక, అక్కడ పనికొచ్చే పద్ధతి సమోవా, టోంగా, వనువాటు వంటి దీవులకు కూడా చాలావరకు పనికొస్తుంది. రెండో కారణం, 1903 నుంచి 1916 వరకు మద్రాసు రేవు మీదుగా చెరకు తోటల కూలీ ఒప్పందాలపై ఫిజీకి వెళ్లినవారిలో తెలుగువారు కూడా ఉన్నారు.

తోట వేసే ముందు ఒక విషయంలో స్పష్టత ఉండాలి. పసిఫిక్ దీవుల్లో రకరకాల పంటలు కలిపి వేయడంలో అసలు ఉద్దేశం ఎకరాకు దిగుబడి పెంచడం కాదు; తుపాను వెళ్లిపోయిన మర్నాడు పొలంలో తినడానికి ఏదో ఒకటి మిగిలి ఉండడం. 2016 ఫిబ్రవరి 20న విన్‌స్టన్ తుపాను ఫిజీని తాకినప్పుడు 44 మంది చనిపోయారు. కాయలతో నిలిచిన చెట్లు కొమ్మలు విరిగి, ఆకులు రాలి మోడులయ్యాయి. అటువంటి గాలిలోనూ నేలలో ఉన్న దుంప మిగులుతుంది, మోడైన సీమపనస (బ్రెడ్‌ఫ్రూట్) మళ్లీ చిగురిస్తుంది, మూడు నాలుగు నెలల్లో చేతికొచ్చే చిలగడదుంపను వెంటనే నాటుకోవచ్చు. నేల కింద ఒక పంట, వేగంగా తిరిగి వేయగలిగిన పంట ఒకటి, విరిగినా చిగురించే చెట్టు ఒకటి. ఈ మూడూ లేని తోట ఎంత అందంగా ఉన్నా ఫిజీకి సరిపడదనే నా అభిప్రాయం.

కౌలు సంగతి ముందు

ఫిజీ భూమిలో దాదాపు 87 శాతం స్థానిక ఐతౌకేయి వంశాల ఉమ్మడి ఆస్తి. దాన్ని అమ్మడానికి వీల్లేదు. వంశాల తరఫున ఐతౌకేయి ల్యాండ్ ట్రస్ట్ బోర్డు కౌలుకు ఇస్తుంది. వ్యవసాయ కౌలు సాధారణంగా 30 ఏళ్లకు ఉంటుంది. కూరగాయలు వేసేవారికి ఈ గడువు పెద్ద విషయం కాకపోవచ్చు గానీ, చెట్లు నాటేవారికి మాత్రం మొదట చూడవలసిన కాగితం అదే. గడువులో ఇంకా పన్నెండేళ్లు మాత్రమే మిగిలి ఉంటే శ్రీగంధం నాటడం వల్ల నాటినవారికి ఒరిగేదేమీ ఉండదు. అదే కౌలులో సీమపనస నాటితే ఏడెనిమిదేళ్ల కాపు తీసుకోవచ్చు. గడువు ముగిసినప్పుడు చెట్లు ఎవరివి, పరిహారం ఎంత, కలప కొట్టే హక్కు ఎవరిది అన్న మూడు ప్రశ్నలకూ ఒప్పందంలోనే రాతపూర్వకంగా జవాబు ఉండేలా చూసుకోవాలి.

కాగితం ఎంత పక్కాగా ఉన్నా, భూమి ఏ మతంగలిదో, అంటే ఏ వంశ శాఖదో, ఆ పెద్దలను కలవకుండా చెట్ల పని మొదలుపెట్టకూడదు. పల్లెకు వెళ్లినప్పుడు మొదట తురంగ ని కోరో అనే గ్రామ పెద్దను కలిసి, యాంగోనా (కావా అనే పానీయం చేసే మొక్క) వేరు కట్టను సేవుసేవుగా, అంటే మర్యాద కానుకగా సమర్పించి, వచ్చిన పని చెప్పుకోవడం అక్కడి మర్యాద. తలకు టోపీ, రుమాలు లేకుండా వెళ్లాలి. ఇది లాంఛనమే కదా అనుకోవద్దు. ఏ వాలులో పాత సమాధులున్నాయో, ఏ వాగు ఎప్పుడు పొంగుతుందో, ఏ చెట్టును కొట్టకూడదో ఆ కూర్చున్న గంటలోనే తెలుస్తుంది.

గాలి, వాన, వాలు

ఫిజీలో ఏడాదిలో ఎక్కువ కాలం గాలి ఆగ్నేయం నుంచి వీస్తుంది. దానికి ఎదురుగా ఉన్న సువా వైపు ఏటా దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన పడితే, కొండల చాటున ఉన్న నాది వైపు 1,800 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. అందులోనూ మే నుంచి అక్టోబరు వరకు చినుకులు బాగా తగ్గుతాయి. నవంబరు నుంచి ఏప్రిల్ వరకు తుపానుల కాలం. సీమపనసకు 1,500 నుంచి 3,000 మిల్లీమీటర్ల వాన, 600 మీటర్ల లోపు ఎత్తు, నీరు నిలవని నేల కావాలి. కనుక సువా వైపు నీరు పోయే దారి చూసుకోవాలి. నాది, బా, లంబాసా వైపు తేమ నిలిచే లోతట్టు, వాగు ఒడ్డు వెతుక్కోవాలి.

పొడి వైపు కొండలను తలాసింగా అంటారు. పదే పదే కాలి, గడ్డి తప్ప ఏమీ మిగలని ఎర్రటి, ఆమ్లగుణం ఉన్న నేల అది. అక్కడ నేరుగా సీమపనస నాటితే బతకదు. ముందు సరుగుడు, కంది, అనాస వంటివాటితో నేలను కప్పాలి. సరుగుడు ఫిజీకి స్థానిక చెట్టే. దాన్ని నోకోనోకో అంటారు. వేళ్లలో నత్రజనిని నిలిపే గుణం దానికి ఉంది. తలాసింగాలో తోటకు అన్నిటికంటే పెద్ద శత్రువు నిప్పు. పొలం చుట్టూ నాలుగైదు మీటర్ల వెడల్పున గడ్డి లేకుండా చెక్కి ఉంచని తోట, చెరకు కాల్చే రోజుల్లో ఒక్క మధ్యాహ్నంలో పోతుంది.

ఇక వాలు. కొండవాలులో చాళ్లు పైనుంచి కిందికి తీస్తే రెండు వానకాలాల్లో పైమన్ను వాగులో కలుస్తుంది. సమమట్టపు గీతలు గుర్తించడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. రెండు మీటర్ల పొడవున్న రెండు కర్రలను పైన కలిపి కట్టి, మధ్యలో అడ్డకర్ర బిగించి, పైకొన నుంచి రాయి కట్టిన దారం వేలాడదీస్తే చాలు. దారం అడ్డకర్ర మధ్య గుర్తు మీద నిలిచినప్పుడు రెండు కాళ్లూ ఒకే మట్టంలో ఉన్నట్టు. అలా కాలు మార్చుకుంటూ వాలుకు అడ్డంగా నడుస్తూ మేకులు దిగేయాలి. ఆ గీత మీద వట్టివేరు పిలకలను 10 నుంచి 15 సెంటీమీటర్ల ఎడంతో నాటాలి. మనం వేసవిలో తడికెలుగా కట్టుకునే ఈ వట్టివేరునే ఫిజీ చెరకు పొలాల్లో 1950ల నుంచి మట్టికట్టలుగా వాడారు. తర్వాతి కాలంలో ఇతర దేశాలు ఈ పద్ధతిని అనుసరించడానికి ఫిజీ అనుభవం ఒక ఆధారమైంది. నిలువు మట్టంలో రెండు మీటర్లు దిగినప్పుడల్లా ఒక వరస ఉండేలా చూసుకోవాలి.

గాలికి అడ్డుగా ఆగ్నేయ దిక్కున రెండు మూడు వరసల చెట్లు నాటాలి. తీరానికి దగ్గరగా పొన్న, గంగరావి, నాటు బాదం, సరుగుడు ఉప్పుగాలిని ఓర్చుకుంటాయి. మన కోస్తా వాసులకు ఈ నాలుగూ కొత్త కావు. అడ్డు గోడలా చిక్కగా ఉండకూడదు. సగం గాలిని వదిలే వరసే మేలు, ఎందుకంటే చిక్కని వరస వెనక గాలి సుడి తిరిగి పంటను పడగొడుతుంది. సరిగ్గా పెంచిన వరస తన ఎత్తుకు దాదాపు పది రెట్ల దూరం వరకు గాలి వేగాన్ని తగ్గిస్తుంది.

సీమపనస మొక్కను తయారు చేసుకోవడం

ఫిజీలో ఉటో అనీ, సమోవాలో ఉలు అనీ పిలిచే సీమపనసలో మంచి రకాలకు గింజ ఉండదు. కనుక మొక్కను వేరు నుంచే తీయాలి. కాపు ముగిసి, కొత్త చిగురు రాకముందు చెట్టు కొంత మందగించి ఉన్న సమయం దీనికి అనుకూలం. తల్లిచెట్టు మొదలుకు దూరంగా నేల పైపైన పాకే వేళ్లలో రెండు నుంచి ఐదారు సెంటీమీటర్ల లావు ఉన్నవాటిని ఎంచుకుని, పదునైన కత్తితో 15 నుంచి 25 సెంటీమీటర్ల ముక్కలుగా కోయాలి. ఒకే చెట్టు నుంచి మరీ ఎక్కువ వేళ్లు తీస్తే అది గాలికి ఒరుగుతుంది. ముక్కలను శుభ్రంగా కడిగి, ఇసుకలో గానీ, ఇసుక కలిపిన కొబ్బరిపొట్టులో గానీ అడ్డంగా పడుకోబెట్టి, నీడలో తేమ ఆరకుండా, అలాగని నీరు నిలవకుండా చూడాలి. కొన్ని వారాల్లో మొలకలు వస్తాయి. వాటికి సొంత వేళ్లు వచ్చాక సంచుల్లోకి మార్చి, మొక్క రెండడుగుల ఎత్తు అయ్యేదాకా పెంచి, చివరి నెలలో కొద్దికొద్దిగా ఎండకు అలవాటు చేయాలి.

వేరు ముక్కల పని ఓపిక లేనివారికి చిరాకు తెప్పిస్తుంది. సగం ముక్కలు కుళ్లిపోవడం సాధారణమే. వంద మొక్కలు పైబడి కావలసినవారు టిష్యూ కల్చర్ మొక్కలు కొనడమే మంచిది. అయితే రకం మాత్రం జాగ్రత్తగా ఎంచాలి. సమోవా, టోంగాల్లో పుట్టిన మఆఫలా రకం తక్కినవాటి కంటే పొట్టిగా పెరుగుతుంది కనుక కోతకూ, తుపానుకూ అనుకూలం. ఫిజీలో బాలేకానా రకానికి మంచి పేరుంది. ఒకే రకంతో తోట నింపవద్దు. 1993లో సమోవాలో చేమకు ఆకుమాడు తెగులు వచ్చినప్పుడు, దాదాపు దేశమంతా ఒకే రకం మీద ఆధారపడి ఉండడం వల్ల ఎగుమతి పంట కొద్ది నెలల్లోనే కుప్పకూలింది. అదే తప్పు చెట్ల విషయంలో చేస్తే సరిదిద్దుకోవడానికి ఏళ్లు పడుతుంది.

చెట్టుకూ చెట్టుకూ 12 మీటర్ల ఎడం ఇస్తే హెక్టారుకు 69 చెట్లు, ఎకరాకు దాదాపు 28 చెట్లు పడతాయి. నాటేటప్పుడు ఇది మరీ ఎడంగా కనిపిస్తుంది. కానీ చెట్లు దగ్గరగా ఉంటే పదేళ్లకు కింద ఏ పంటా రాదు, అప్పుడది మిశ్రమ తోట కాదు, సీమపనస అడవి. అర మీటరు గుంట తీసి, పైమన్నూ మాగిన ఎరువూ కలిపి, వానకాలం మొదట్లో నాటాలి. మొదటి ఏడాది ఎండ నేరుగా తగలకుండా పక్కనే అరటి పిలక ఉండాలి. పశువులూ మేకలూ దీని బెరడును ఇష్టంగా తింటాయి, కాబట్టి ఎత్తు పెరిగేదాకా కంచె తప్పదు. గిరిపుష్పం కొమ్మలను ఒకటిన్నర మీటర్ల పొడవున కోసి వరసగా పాతితే అవే చిగురించి కంచె అవుతాయి, వాటి ఆకు ఎరువుకూ వస్తుంది. వేరు నుంచి తీసిన మొక్క సాధారణంగా మూడు నుంచి ఆరేళ్లలో కాపుకొస్తుంది. బాగా చూసుకున్న పెద్ద చెట్టు ఏటా 150 నుంచి 200 కాయలు ఇస్తుంది.

కాయ ముదిరిందని తెలుసుకోవడానికి తొక్క మీద ఎండిన పాల మరకలు చూడాలి. వల బుట్ట కట్టిన గడకర్రతో దింపాలి, నేల మీద పడనివ్వకూడదు. కోసిన రెండు మూడు రోజుల్లోనే కాయ మెత్తబడుతుంది. నీటిలో ముంచి ఉంచితే ఇంకొన్ని రోజులు ఆగుతుంది. మిగిలిన కాయను ఆకులు పరిచిన గుంటలో పూడ్చి పులియబెట్టే పద్ధతి పసిఫిక్ అంతటా ఉంది. ఫిజీలో దాన్ని మాంద్రయి అంటారు. పులిసిన వాసన కొత్తవారికి రుచించకపోవచ్చు గానీ, తుపాను తర్వాత నెలల తరబడి ఊళ్లను బతికించిన నిల్వ అదే.

చెట్ల మధ్య ఏమి వేయాలి

మొదటి మూడేళ్లు ఎండ పుష్కలంగా ఉంటుంది. ఆ కాలమంతా చేమ, పెండలం, కర్రపెండలం, చిలగడదుంప, అరటి వేసుకోవచ్చు. ఫిజీ వారు దాలో అనే చేమ ఏడు నుంచి పది నెలల్లో వస్తుంది. పెండలాన్ని ఆగస్టు, సెప్టెంబరుల్లో నాటి, తుపానుల కాలం ముగిసే సమయానికి తవ్వుతారు. ఆరబెట్టి అటక మీద పెడితే నెలల తరబడి నిల్వ ఉంటుంది. నా లెక్కలో తుపాను ప్రాంతపు రైతుకు ఇంతకంటే నమ్మకమైన పంట లేదు, అయినా చాలామంది కర్రపెండలం వైపు మళ్లుతున్నారు. కర్రపెండలం మొక్క గాలికి పడిపోతే దుంప త్వరగా కుళ్లిపోతుందని గుర్తుంచుకోవాలి.

నీడ పెరిగాక యాంగోనాకు తరుణం వస్తుంది. లేత యాంగోనాకు నీడ కావాలి. మూడు నుంచి ఐదేళ్లకు వేరు తవ్వుతారు, ధర కూడా బాగుంటుంది. ఆ ధరే ప్రమాదం కూడా. మైక్రోనేసియాలోని పోన్‌పేయి దీవిలో ఇదే మొక్కను సకావు అంటారు. దాని కోసం కొండ పైభాగపు అడవిని కొట్టడం వల్ల 1975లో దీవిలో 42 శాతం ఉన్న చెక్కుచెదరని అడవి 1995 నాటికి 15 శాతానికి పడిపోయింది. ఆ తర్వాత అక్కడ, పంటను కొండ మీద కాకుండా కింది పొలాల్లో చెట్ల నీడన వేయమని ప్రచారం చేయవలసి వచ్చింది. కనుక యాంగోనా కోసం కొత్తగా అడవి నరకకుండా, పెరిగిన సీమపనస నీడనే వాడుకోవాలి. యాంగోనాను మాత్రమే వరసలుగా వేస్తే ఎండుతెగులు వేగంగా పాకుతుంది. చేమ, అరటి మధ్య చెదురుగా నాటడం క్షేమం.

ఇంటి దగ్గరి మూలలో కరివేపాకు, మునగ, చింత, నిమ్మ ఉండనే ఉంటాయి. వాటి గురించి మనవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

శ్రీగంధం

1804 ప్రాంతంలో వనువా లెవూ దీవిలోని బువా తీరానికి ఓడలు వరస కట్టాయి, పదేళ్లలో అక్కడి గంధపు చెట్లన్నీ దాదాపు ఖాళీ అయ్యాయి. ఆ చెట్టును యాసి అంటారు. మన శ్రీగంధానికి దగ్గరి బంధువు. ఇప్పుడు ఫిజీలో రెండూ పెంచుతున్నారు, వాటి సంకర జాతి కూడా ఉంది, అది వేగంగా పెరుగుతుంది కూడా. కానీ సహజంగా పెరిగే యాసి చెట్లు దగ్గర్లో ఉంటే శ్రీగంధాన్నీ సంకరాన్నీ నాటకపోవడమే బాధ్యత. పుప్పొడి కలిసిపోతే స్వచ్ఛమైన యాసి ఇక దొరకదు.

గంధం తన వేళ్లను పక్క మొక్క వేళ్లకు తగిలించి ఆహారం లాక్కునే చెట్టు. ఒంటరిగా నాటితే పసుపురంగుకు తిరిగి, గిడసబారి చనిపోతుంది. కుండీలో ఉన్నప్పుడే పొన్నగంటి జాతి మొక్క ఒకటి తోడుగా ఉండాలి. అది గంధపు మొక్కను మించి పెరగకుండా తరచూ కత్తిరిస్తూ ఉండాలి. పొలంలో నాటినప్పుడు మొదటి రెండు మూడేళ్లకు కంది, ఆ తర్వాత శాశ్వతంగా సరుగుడు, నిమ్మజాతి చెట్లు ఒకటి రెండు మీటర్ల దూరంలో ఉండాలి. పూర్తి నీడలో చేవ రాదు, పూర్తి ఎండలో లేత మొక్క నిలవదు. చేవ పట్టడానికి 15 నుంచి 20 ఏళ్లు, కొన్నిచోట్ల అంతకు మించి పడుతుంది. నూనె వేరులో బాగా ఉంటుంది కనుక చెట్టును నరకకుండా వేళ్లతో సహా తవ్వి తీస్తారు. దొంగల భయం కూడా అక్కడే మొదలవుతుంది. ఇంటికి కనుచూపు మేరలో లేని చోట గంధం నాటవద్దు.

తేకూడని మొక్కలు, కదపకూడని చెత్త

దీవికి తెచ్చిన మొక్క తప్పించుకుంటే దాన్ని తిరిగి పట్టుకోవడం అసాధ్యం. 1937లో అలంకారం కోసం తహీతికి తెచ్చిన మికోనియా ఇప్పుడు ఆ దీవిలో మూడింట రెండు వంతులకు పైగా ఆక్రమించింది. మనం మేతకు మెచ్చుకునే సుబాబుల్ చాలా దీవుల్లో కలుపే. ఆఫ్రికన్ తులిప్ చెట్టు ఫిజీలో పాడుబడిన పొలాలను కమ్మేస్తోంది. కొత్త జాతిని నాటాలంటే ముందు హవాయి, పసిఫిక్ దీవుల కోసం తయారైన కలుపు ముప్పు అంచనాల్లో దాని పేరు వెతికి చూడాలి.

కొబ్బరికి పట్టే కొమ్ముపురుగు 1909లో శ్రీలంక నుంచి రబ్బరు మొక్కలతో పాటు సమోవాకు చేరింది. 1967 నుంచి దాన్ని ఒక వైరస్‌తో అదుపు చేయగలిగారు. కానీ 2007లో గ్వామ్‌లో బయటపడిన రకానికి ఆ వైరస్ పెద్దగా పనిచేయడం లేదు. పురుగు గుడ్లు పెట్టేది కుళ్లిన కొబ్బరి మొద్దుల్లో, ఎరువు కుప్పల్లో. కాబట్టి తుపాను పడగొట్టిన మొద్దులను చీల్చి ఎండబెట్టాలి లేదా కాల్చాలి. ఒక దీవి నుంచి ఇంకో దీవికి కంపోస్టు, ఆకుచెత్త, కుండీమట్టి తరలించకూడదు. మొక్కలు బయటి నుంచి తేవాలంటే ఫిజీ బయోసెక్యూరిటీ సంస్థ అనుమతి తప్పనిసరి.

పగడపు దీవులైతే

కిరిబాటి, తువాలు, మార్షల్ దీవుల్లో నేల పగడపు సున్నం. కొండ దీవి పద్ధతి అక్కడ చెల్లదు. ఉప్పును కొంత ఓర్చుకునే మారియానా సీమపనస, కొబ్బరి, మొగలి అక్కడి ఆధారాలు. మంచినీటి పొర తగిలేదాకా గుంట తవ్వి, ఏళ్ల తరబడి ఆకులు కుళ్లబెట్టి, అందులో బాబాయి అనే పెద్ద చేమను పెంచుతారు. సున్నపు నేలలో ఇనుము అందక ఆకులు పాలిపోతాయి కనుక తుప్పు పట్టిన డబ్బాలను గుంటల్లో వేసే అలవాటు ఉంది. అది మూఢనమ్మకం కాదు.

సాయం దొరికే చోట్లు

సువా దగ్గరి నారేరేలో పసిఫిక్ దేశాల ఉమ్మడి సంస్థ అయిన పసిఫిక్ కమ్యూనిటీ నడిపే పంటలు, చెట్ల కేంద్రంలో చేమ, పెండలం, అరటి, సీమపనస రకాలను గాజు కుప్పెల్లో భద్రపరిచి, తెగులు లేని నారుగా దేశాల వ్యవసాయ శాఖలకు అందిస్తారు. రైతు తన జిల్లా వ్యవసాయ కార్యాలయం ద్వారా అడగాలి. అటవీ చెట్ల మొక్కలకు అటవీ శాఖ నర్సరీలున్నాయి. సీమపనస రకాల విషయంలో హవాయిలోని నేషనల్ ట్రాపికల్ బొటానికల్ గార్డెన్ 2003లో నెలకొల్పిన బ్రెడ్‌ఫ్రూట్ ఇన్‌స్టిట్యూట్‌కు మించినది లేదు. మావీ దీవిలోని కహాను తోటలో వారి రకాల సేకరణ ఉంది. హవాయి విశ్వవిద్యాలయపు ఉష్ణమండల వ్యవసాయ కళాశాల ఒక్కో చెట్టు గురించి ఉచితంగా కరపత్రాలు ఇస్తుంది. కానీ వాటిలోని ఎడాలూ మోతాదులూ హవాయి నేలకు రాసినవి. ఫిజీలో పక్క పొలం రైతు ఎంత ఎడం పెట్టాడో చూసి సరిచూసుకోవాలి.

ప్రతి అక్టోబరులో చేయవలసిన పని ఒకటుంది. కాపు ముగిసిన సీమపనసలో నిటారుగా పోయే కొమ్మలను తీసేసి, చెట్టును ఆరు మీటర్ల లోపు ఉంచాలి. ఎత్తైన తలే గాలికి పట్టు. అరటి గెలలకు ఊతం కట్టి, చిలగడదుంప తీగల కోసం ఒక చిన్న మడిని గాలి తగలని మూలలో ఉంచుకోవాలి. తుపాను హెచ్చరిక వస్తే ముదిరిన కాయలన్నీ ముందే దింపి గుంటలో వేయాలి. గాలి తగ్గాక చీలిన కొమ్మలను శుభ్రంగా కోసి, ఒరిగిన లేత చెట్లను తాళ్లతో నిలబెట్టి, వేళ్ల మీద మట్టి కప్పి, ఆ వారంలోనే మడిలోని తీగలను తెచ్చి ఖాళీ అయిన చోటల్లా నాటాలి.